నాలుగో నిమ్మకాయ

పొలసర,
5 నవంబరు 2024

తమ్ముడు భీమేశ్వరానికి అక్క రాస్తున్నది. ఒంట్లో బాగానే ఉంది, మనసులోనే బాగాలేదు.

నిన్న పొద్దున్న కండక్టరు జగ్గన్న నువ్వు పంపిన స్టీలు గ్లాసుల సంచీ నా కొట్టు ముందు దింపి, వెళ్లకుండా నిలబడ్డాడు. నా చెవుల సంగతి తెలిసినవాడు కనక నోరు బాగా తెరిచి నిదానంగా మాట్లాడతాడు. “ఏటమ్మా, మీ తమ్ముడుగారు ఆ పెద్ద నల్లబండి అమ్మేస్తన్నారంట? ఏటయిందేటి?” అన్నాడు. నేనే సరిగా చూడలేదేమోనని మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే మాట. బరంపురం బస్‌స్టాండులో అందరూ అనుకుంటున్నారట.

ఏమిట్రా ఇది? ఆ బండి కొని ఏడాదిన్నరేగా అయింది! ఏడుగురు కూర్చునే బండి, పైకప్పు తెరుచుకునే బండి, పెద్దబజారులో మన వీధి మొత్తానికీ మన ఇంటి ముందే ఉండేది. నాన్న సైకిలుకి బిందెలు కట్టుకుని ఛత్రపురం దాకా తొక్కినవాడు. నేను మొదటిసారి ఆ బండి ఎక్కడానికి కాలు అందకపోతే నువ్వు లోపలికి పరుగెత్తి పూజగదిలో పీట తెచ్చి వేశావు. నవ్వి నవ్వి నాకు కళ్లనీళ్లొచ్చాయి.

మొన్న విశ్వకర్మ పూజకి కూడా చక్రాల కింద నిమ్మకాయలు నేనే పెట్టాను కదా. నాలుగోది నేను సర్ది పెట్టీ పెట్టగానే నువ్వు బండి కదిపావు, టప్పున చిట్లింది. రసం నా ముంజేతి మీద పడింది. ఎంత నేర్పుగా నడుపుతాడో మా తమ్ముడు అనుకుని మురిసిపోయాను. అలాంటి బండి ఎందుకు అమ్ముతావు?

వ్యాపారంలో ఏమైనా దెబ్బ తగిలిందా? ఒంట్లో ఏమైనా తేడా చేసిందా? నా దగ్గర దాచకు. నీకు తెలుసు, నాకు ఒక్క ముక్క తెలిస్తే మిగతా తొమ్మిది ముక్కలు నేనే ఊహించుకుని చస్తాను.

ఎదురింటి ఒడియా ముసలమ్మ కార్తీకం హబిసా వ్రతం పట్టింది, ఒంటిపూట తిండి. నాకు మాత్రం నిన్నటి నుంచి ఆ ఒక్క పూటా సహించటం లేదు. వెంటనే రాయి.

అక్క,
వాసవీకుమారి


బరంపురం,
9 నవంబరు 2024

అక్కకి,

నీ ఉత్తరం అందింది. ముందు అన్నం తిను, తర్వాత చదువు.

వ్యాపారానికి ఏ దెబ్బా తగల్లేదు. నా ఒళ్లు రాయిలా ఉంది. బండి అమ్ముతున్న మాట నిజమే, అందులో పెద్ద విశేషమేమీ లేదు. వీధిలో మురుగుకాలవ తవ్వి సగం దారి తినేశారు. ఆ బండిని ఇంట్లోంచి బయటికి తియ్యాలంటే పావుగంట, మళ్లీ లోపల పెట్టాలంటే ఊరి పెద్దలంతా వచ్చి చేతులూపాలి. డీజిలు తాగడం వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో ఉన్నది నలుగురం, మాకు ఏడు సీట్లెందుకు?

చిన్నబండి తీసుకుంటున్నాను. చిన్నదంటే మరీ అగ్గిపెట్టె కాదు, అదీ ఎస్‌యూవీయే. ఐదుగురు పడతారు. పొట్టిగా ఉంటుంది, ముందు భాగం కిందకి ఉంటుంది. నీకు పీట అక్కర్లేదు.

జగ్గన్న మాటలు పట్టించుకోకు. వాడు టిక్కెట్లు తక్కువా కబుర్లు ఎక్కువా కోస్తాడు.

సాయిపద్మ నిశ్చితార్థం మాఘమాసంలో పెట్టుకున్నాం. రంభ ఊళ్లోని మగపెళ్లివాళ్లు ఒప్పుకున్నారు. నువ్వు వారం ముందే రావాలి. మేనత్త లేకుండా పళ్లెం పట్టనని పిల్ల ఇప్పటినుంచే పేచీ.

చెవి మిషన్ పెట్టుకుంటున్నావా? రోడ్డు మీదకి వెళ్లేటప్పుడు తప్పకుండా పెట్టుకో. మరిచిపోకు.

నీ తమ్ముడు,
భీమేశ్వరరావు


పొలసర,
20 నవంబరు 2024

తమ్ముడికి,

మిషన్ పెట్టుకుంటున్నాను, పెట్టుకుంటున్నాను. ఒక ఉత్తరంలో మూడుసార్లు అడిగినట్టుంది నీ ధోరణి.

నీ కారణాలు చదివాను. కాలవ ఒకటి, డీజిలు ఒకటి, సీట్లు ఒకటి. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన రోజున కూడా నువ్వు ఇలాగే కడుపునొప్పి, తలనొప్పి, మాస్టారు రాలేదు అని మూడూ కలిపి చెప్పేవాడివి. నిజం ఎప్పుడూ నాలుగోది ఉండేది. కాలవ ఈ వేసవికి మూసేస్తారు. డీజిలు నీకు నిన్నగాక మొన్న తెలిసిందా?

ఇంకో సంగతి. మన వీధి పద్మిని సంతకి వచ్చి నన్ను చూసిపోయింది. దసరా ముందు నుంచీ ఆ బండి కవరు కప్పి ఉందట, నువ్వు కొట్టుకి ఆటోలో వెళ్తున్నావట! రెండు నెలలు! స్టీరింగు పట్టుకుంటే పదహారేళ్ల కుర్రాడివైపోయే నువ్వు ఆటో వెనక సీట్లో కూర్చున్నావంటే ఏదో ఉంది. కళ్లు కనబడటం లేదా? చక్కెర పెరిగిందా? డాక్టరు నడపవద్దన్నాడా? ఏదైనా సరే చెప్పు. చెప్పకపోతేనే భయం.

ఒక్క మాట విను. మన వ్యాపారస్తుల్లో ఒకడు పెద్దబండి దిగి చిన్నబండి ఎక్కితే జనం సీట్లు లెక్కపెట్టుకోరు, భీమేశ్వరరావు చేతులెత్తేశాడంటారు. రంభవాళ్ల చెవిన పడితే ఏమనుకుంటారు? కనీసం నిశ్చితార్థం దాకా ఆగు. ఆ నల్లబండి గుమ్మం ముందు ఉంటే చాలు, నువ్వు నడపకపోయినా ఫరవాలేదు.

మరదలు కమల నాకు ఈమధ్య ఒక్క ముక్క కూడా రాయటం లేదు. ప్రతి సంచీలోనూ ఒక అప్పడాల కట్ట పెట్టి, పైన చిన్న చీటీ రాసేది. రెండు నెలలుగా అప్పడాలొస్తున్నాయి, చీటీ రావటం లేదు.

అక్క


బరంపురం,
4 డిసెంబరు 2024

అక్కకి,

నా కళ్లు బాగున్నాయి, చక్కెర లేదు. బండి అమ్మేశాను. భువనేశ్వర్ ఆయనెవరో వచ్చి తీసుకెళ్లిపోయాడు. దయచేసి ఇక దాని గురించి అడగకు.

కొత్తబండి ఈ నెల చివర వస్తుంది. ఈసారి నిమ్మకాయలూ అవీ వద్దనుకున్నాం. పూజారి చేత గుళ్లో ఒక కొబ్బరికాయ కొట్టిస్తాం, అంతే. దానికోసం నువ్వు శ్రమపడి రావద్దు. నిశ్చితార్థానికి వస్తే చాలు.

కమలకి పని ఎక్కువగా ఉంది. రాస్తుందిలే.

సంచీలో చిన్న గిన్నెల సెట్లు ఆరున్నాయి, చూసుకో.

భీమేశ్వరరావు


పొలసర,
11 డిసెంబరు 2024

భీమేశ్వరానికి,

నాలుగో కారణం చెప్పావు. అర్థమైంది.

ఇది రాయకూడదనుకుని రెండు రోజులు ఆగాను. కానీ ఇక లోపల పెట్టుకోలేను, రాసేస్తాను.

ఆ బండి కొన్ననాడు కమల వాళ్లమ్మ ఏమన్నదో నాకు వినబడలేదు గానీ ఆవిడ పెదాలు చూశాను. నిమ్మకాయలు ముత్తైదువ చేత పెట్టించండి అంది. నేను పళ్లెం కింద పెట్టి వెనక్కి జరిగాను. నువ్వు వచ్చి ఆ పళ్లెం మళ్లీ నా చేతికిచ్చి, ఆవిడకి వినబడేలాగా నాకు కనబడేలాగా, “మా అక్క పెడితేనే ఈ బండి కదుల్తుంది” అన్నావు. మీ బావ పోయాక నన్ను ఎవరైనా శుభకార్యంలో ముందుకి పిలిచింది అదే మొదలు. ఆ మాట తలుచుకునే ఏడాదిన్నర బతికాను.

మొన్న విశ్వకర్మ పూజ సంగతి మళ్లీ మళ్లీ నెమరేసుకున్నాను. నాలుగు నిమ్మకాయలూ పెట్టి పక్కకి వచ్చాను. నాలుగోది, ముందు ఎడమచక్రం కిందది, పల్లానికి దొర్లిపోయింది. మళ్లీ వచ్చి వంగి దాన్ని సర్దాను. చిట్లింది. బండి ఒకసారి అదిరింది, ఇంజను కాబోలనుకున్నాను. నేను నవ్వుతూ లేచేసరికి ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. కమల గుమ్మం దగ్గర కూలబడి ఏడుస్తోంది. అనుదీప్ నా చేతిలో పళ్లెం లాక్కున్నాడు. అవును, లాక్కున్నాడు, మేనత్త అని కూడా చూడలేదు. నువ్వు బండిలోంచి దిగలేదు, నా ముఖం చూడలేదు. సాయంత్రం బస్సు దగ్గరికి కూడా రాలేదు. ఎవరో ఏదో అన్నారనీ, శుభమా అని చేసే పనిలో నా చెయ్యేమిటని కమల కుమిలిపోతోందనీ ఆ రోజే నాకు తోచింది. కాదు, కాదు అని నన్ను నేనే కసురుకున్నాను.

తర్వాత నువ్వు ఆ బండి ముట్టుకోలేదు. కమల చీటీ మానేసింది. లక్షణమైన బండిని వదిలించుకున్నావు. ఇప్పుడు కొత్తదానికి నిమ్మకాయలు వద్దు, నన్ను రావద్దు అంటున్నావు. ఇంకా నాకు విడమరిచి చెప్పాలా? నా చెయ్యి పడ్డ బండి మీకు అచ్చిరాలేదు. ఆ మాట నువ్వు అనలేక కాలవ మీదా డీజిలు మీదా పెట్టావు. నీకు నా మీద ప్రేమ ఉంది కనకనే అబద్ధమాడావు, అది కూడా నాకు తెలుసు.

కోపం లేదు రా. నిజంగా లేదు. కానీ సాయిపద్మ నిశ్చితార్థానికి నేను రాను. ఆ పిల్లకి రేపు ఏ చిన్న తలనొప్పి వచ్చినా నేను నా చేతుల్నే చూసుకుంటాను. దానికోసం తీసి ఉంచిన బరంపురం పట్టుచీర జగ్గన్న చేత పంపుతున్నాను. నేనిచ్చానని చెప్పకుండా పెట్టండి.

వాసవి


బరంపురం,
6 జనవరి 2025

అక్కా,

నీ ఉత్తరం వచ్చి దాదాపు నెలయింది. నాలుగుసార్లు రాసి చింపేశాను. చీర బీరువాలో ఉంది, ఎవరికీ పెట్టలేదు. నువ్వు వచ్చి పెట్టేదాకా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు రాసేది చదివేముందు కూర్చో. నీళ్లు దగ్గర పెట్టుకో.

నాలుగో నిమ్మకాయ చిట్లినప్పుడు నేను నేర్పుగా కదిపానని రాశావు. నేర్పు కాదు అక్కా. నేను నిన్ను చూడనేలేదు.

నువ్వు పక్కకి వెళ్లిపోవడం చూశాను. మళ్లీ వచ్చి వంగడం చూడలేదు. ఆ బండి ముందు భాగం నీ భుజాల ఎత్తుంటుంది, నువ్వు వంగితే నా సీట్లోంచి చీర కొంగు కూడా కనబడదు. దానికి ముందు కెమెరా ఉంది, ఏదైనా దగ్గరకొస్తే కుయ్‌కుయ్‌మనే ఏర్పాటూ ఉంది. కానీ పూజకని ముందంతా రెండు వరసల బంతిపూల దండ కట్టాం కదా. ఆ దండకే పొద్దున్నుంచీ అది అరుస్తోంది. చెవులు హోరెత్తుతున్నాయని నేనే మీట నొక్కి నోరు మూయించాను. కెమెరా తెర వంక చూశాను. తెర నిండా బంతిపూలే.

బ్రేకు మీంచి కాలు తీస్తే దానంతటదే కదిలే బండి అది. కాలు తీశాను. వీధి వీధంతా అరిచిందట. నేను అద్దాలు బిగించుకుని ఏసీలో ఉన్నాను, జనం జేజేలు కొడుతున్నారనుకున్నాను. నీకు మిషన్ ఉన్నా అందలేదు కాబోలు. అనుదీప్ దూకి రెండు చేతులతో బానెట్ మీద బాదాడు. బండి అదిరిందన్నావే, అదీ. అప్పుడు తొక్కాను బ్రేకు. నీ కొప్పుకీ బంపరుకీ మధ్య జానెడు ఉందట. నీ ముంజేతి మీద పడ్డ రసం ఎంత దగ్గర నుంచి పడిందో ఇప్పుడు నువ్వే ఆలోచించు.

నువ్వు లేచి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, అద్దంలోంచి నన్ను చూసి నవ్వావు. నేను దిగకపోవడం కాదు, దిగలేకపోయాను. బ్రేకు తొక్కిపట్టి అలాగే కూర్చున్నాను. కమల నిన్ను చూసి ఏడవలేదు, నువ్వు లేచి నిలబడటం చూసి ఏడ్చింది. అనుదీప్ లాక్కున్నది పళ్లెం కాదు, నిన్ను. నీ చెయ్యి అందక పళ్లెం పట్టుకుని లాగాడు. రెండు రోజులు వాడి అరచేతులు వాచిపోయాయి. కమల ఎన్నిసార్లో చీటీ రాయబోయి, కలం పెట్టగానే ఆ సంగతే వచ్చేస్తోందని మానేసింది. “వదినతో ఏటీ సెప్పకండి, ఒక్కర్తీ ఉంటాది, దడుసుకుంటాది” అని నా చేత ఒట్టు వేయించుకున్నది కూడా ఆవిడే.

అందుకు దాచాం. సంతకి వెళ్లాలన్నా రోడ్డు దాటాలన్నా నువ్వు భయపడతావని. అది సగం నిజం. మిగతా సగం నా సిగ్గు. అమ్మ పోయాక నాకు జడుపు జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకున్నదానివి నువ్వు. నిన్ను నేను, ఆ తర్వాత మాట రాయలేను.

ఆ రోజు నుంచి ఏ బండి ఎక్కినా దిగి ముందుకి వెళ్లి చూసి వస్తున్నాను. కూర్చోగానే మళ్లీ అనుమానం. మళ్లీ దిగుతాను. ఒకరోజు పదకొండుసార్లు దిగాను, కొట్టుకి వెళ్లకుండానే కవరు కప్పేశాను. అందుకే ఆటో. పెద్దబండి అమ్మితే పోతుందేమో అనుకున్నాను. చిన్నది వచ్చి పన్నెండు రోజులైంది. సీట్లో కూర్చుంటే ముందున్న నేల కూడా కనబడుతుంది, అయినా నా కాలు బ్రేకు మీంచి లేవటం లేదు. గుడికి కూడా అనుదీపే నడిపాడు.

నిమ్మకాయలు వద్దన్నది నీ చెయ్యి మంచిది కాదని కాదు. నా ఇంట్లో మళ్లీ ఎవరూ బండి ముందు వంగకూడదని.

నీ చేతిని నువ్వు అనుమానించుకుంటున్నావని చదివాక ఇక దాచడం పాపమనిపించింది. ఇప్పుడు నన్నేమైనా అను. అనకపోతేనే భయం.

తమ్ముడు


పొలసర,
10 జనవరి 2025

ఒరే భీమా,

నీళ్లు దగ్గర పెట్టుకోమన్నావు, గ్లాసు నా చేతిలోంచి జారిపోయింది. మన కొట్టు గ్లాసే, సొట్ట పడింది.

చదివి చాలాసేపు తల తడుముకుంటూ కూర్చున్నాను. కొప్పు ఉందో లేదో అని. సాయంత్రం కొట్టు తెరవలేదు. పాలకని బయల్దేరి మూలమలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాను. భయపడతానన్నావు, భయపడ్డాను. ఇంకా భయంగానే ఉంది. అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది, వంకరపోతున్నాయి.

కానీ ఒరే, ఇంత భయంలోనూ ఒక పక్కన గుండె తేలికైంది. ఇది చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. జానెడు దూరంలో చావు తప్పిందని తెలిసి ఏ మనిషైనా ఊపిరి పీల్చుకుంటుందా? నేను పీల్చుకున్నాను. నా చెయ్యి మంచిదే.

ఇప్పుడు నా అబద్ధం కూడా విను. ఆ రోజు చెవి మిషన్ నా చెవిలో లేదు, నా చేతిసంచీలో ఉంది. ఫోటోలు తీస్తారు కదా, చెవిలో ఆ పిక్క కనబడితే పిల్ల పెళ్లి సంబంధాలకి మేనత్త చెవిటిదని తెలుస్తుందని తీసేశాను. పెట్టుకున్నావా అని నువ్వు గుమ్మంలో సైగ చేసి అడిగావు. పెట్టుకున్నానని తలూపాను. అది ఉంటే నాకు ఇంజను చప్పుడైనా, కమల కేకైనా అందేది. నువ్వు నీ బండి నోరు మూయించావు, నేను నా చెవి మూసుకున్నాను. ఇద్దరం కలిసి చేసిన పనికి నువ్వొక్కడివే నాలుగు నెలలు శిక్ష అనుభవించావు. ఇదివరకే చెప్పి ఉంటే తిట్టేదాన్ని, నువ్వూ తిట్టేవాడివి, అక్కడితో తీరిపోయేది.

కమలకి చెప్పు, చీటీ లేకపోతే ఈసారి అప్పడాలు వెనక్కి పంపిస్తాను. అనుదీప్ అరచేతులు నేను వచ్చాక నా కళ్లకద్దుకుంటాను, పారిపోవద్దని చెప్పు.

నిశ్చితార్థానికి పది రోజులు ముందే వస్తున్నాను. బస్సులో రాను. ఆ కొత్తబండిలో నువ్వొచ్చి తీసుకెళ్లు. ఇక్కడిదాకా అనుదీప్ నడిపినా సరే, తిరిగి వెళ్లేటప్పుడు వాడు నడిపితే ఎక్కను. రోడ్డు మీద ఎన్నిసార్లు దిగి చూసుకుంటావో చూసుకో, ఆలస్యమైతే అవుతుంది, నాకేం పని. పొలసర నుంచి బరంపురం మూడు రోజులు పట్టినా పక్క సీట్లో కూర్చుంటాను.

బయల్దేరే ముందు నా కొట్టు దగ్గర పూజ చేస్తాం. నాలుగు నిమ్మకాయలు కొని ఉంచాను. దండలు వద్దు. మూడు నేను పెడతాను. నాలుగోది నువ్వు నీ చేత్తో వంగి పెట్టు, నేను నిలబడి చూస్తాను.

తర్వాత ఎక్కి కూర్చో, అద్దం దించు. నేను మిషన్ పెట్టుకుని బండికి ఎదురుగా నిలబడతాను. కాలు వణికితే వణకనీ. నేను కనబడుతున్నానని నువ్వు తలూపేదాకా నేను అక్కడినుంచి కదలను.

మీ అక్క,
వాసవి